మోటరు పాట, రెండో పార్టు

పోయిన వారం ఒక పిల్ల జాకెట్టు కొలతలివ్వడానికి మా షాపుకొచ్చింది. బనగానపల్లెలో బస్టాండు వెనక సందులో నాది చిన్న టైలరింగ్ షాపు. టేపు మెడలోంచి తీసి "భుజాలు నిటారుగా పెట్టు పాపా" అన్నానో లేదో, ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి వెనక్కి తిరిగింది.

"అక్కా, మోటరు పాట పాడింది నువ్వే కదా! గొంతు ఇంటానే తెలిసిపాయ."

అవునన్నాను. కాదంటే ఎవరూ నమ్మరు.

"రెండో పార్టు ఇంకా బాగుండాదక్కా. మా హాస్టల్లో అందరం సూసినాం. శానా నగినాం."

నేను చంక చుట్టుకొలత తీసి పుస్తకంలో రాసుకున్నాను. చేతులు ఎంత పొడుగు పెట్టాలని అడిగాను. వెనక హుక్కులా, ముందరా అని అడిగాను. ఆ పిల్ల సంతోషంగా ఒక సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రెండో పార్టు మా అమ్మ చావు. మా అమ్మ వెనక నడుస్తూ నేను ఏడ్చిన ఏడుపు. ఎవరో ఫోన్లో తీసి పెట్టారు, మోటరు పాట రెండో పార్టు అని పేరు వాళ్ళే పెట్టుకున్నారు. మొదట్లో కనిపించిన ప్రతివాళ్ళకూ ఈ సంగతి చెప్పేదాన్ని. చెబితే "అయ్యో" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంటారు, మొహం చిన్నబుచ్చుకుంటారు, చివరికి వాళ్ళను నేనే ఓదార్చాల్సి వస్తుంది. ఆ ఓపిక కూడా అయిపోయింది. ఇప్పుడు ఎవరేం అన్నా కొలతలు తీసుకుంటాను.

ఇది మొదలైంది నా గొంతు దగ్గర. రేకు డబ్బాను నాపబండ మీద ఈడిస్తే ఎలా ఉంటుందో నా గొంతు అలా ఉంటుంది. జబ్బేం కాదు, పుట్టుకే అంత. ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్ళు "ఏమన్నా, ఇంట్లో ఆడోళ్ళు లేరా?" అంటారు. బడిలో ప్రార్థనకు నిలబడితే టీచరమ్మ నా పక్కకు వచ్చి "నువ్వు పెదాలాడించు, సాలు" అని చెవిలో చెప్పింది. బడి మానేసేదాకా పెదాలే ఆడించాను. నా వెనక పుట్టిన చెల్లెలిది మాత్రం చక్కటి గొంతు. శ్రీరామనవమికి, పెళ్ళి పందిళ్ళకి దాన్ని పిలిచి మైకు చేతికిచ్చేవాళ్ళు. నన్ను వడపప్పు పంచమనేవాళ్ళు.

ఈ గొంతుకు ఒక్క చోటే మర్యాద దొరికింది, చావింట్లో. మా వైపు ఆడవాళ్ళు చనిపోయినవాళ్ళను రాగం తీసి ఏడుస్తారు. వీధి మొదట్లోనే ఎత్తుకుని, వచ్చి ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, పోయినవాళ్ళు ఏం చేశారో, ఏం తిన్నారో, ఎవరిని పెంచారో అన్నీ ఆ రాగంలో చెబుతారు. పుస్తకాల్లో ఉండదు, ఎవరికి ఏది తోస్తే అది అప్పటికప్పుడు కట్టుకుంటారు. చనిపోయింది తల్లయితే ముందు కూతురు ఎత్తుకోవాలి. కూతురు గొంతు లేచాకే తక్కినవాళ్ళు అందుకుంటారు.

ఆ విద్యలో మా అమ్మ పెద్ద చెయ్యి. పక్క ఊళ్ళ నుంచి కూడా మనిషిని పంపి పిలిపించుకునేవాళ్ళు. వెంట నన్ను తీసుకుపోయేది. నేను గొంతెత్తిన మొదటిసారి, ఆ ఇంటి ముసలాయన, పొద్దుననుంచీ బండలా కూర్చున్నవాడు, భోరుమన్నాడు. దారిలో మా అమ్మ నా వీపు తట్టింది.

"మీ చెల్లెలు ఏడిస్తే పాట మాదిరి ఉంటాదిమే. నువ్వు ఏడిస్తే ఏడుపు మాదిరి ఉంటాది. నేను పోయినప్పుడు నువ్వే ఎత్తుకోవాల. దానికి ఇయ్యొద్దు."

అప్పుడు నాకు పెళ్ళి కూడా కాలేదు. సరేనన్నాను. ఆ తర్వాత మా అమ్మ ఆ మాట ఎన్నిసార్లు అందో. ఎవరి చావుకు వెళ్ళొచ్చినా, కాళ్ళు కడుక్కుంటూ ఒకసారి అనేది. తన కోసం తను దాచుకున్నది అదొక్కటే అన్నట్టు అనేది.

ఇక మోటరు. మా పుట్టింటి చేలో బోరు ఉంది. కరెంటు వచ్చేది తక్కువ, వచ్చినా సన్నగా వచ్చేది. ఆ ఏడు బుడ్డల చేను, అదే వేరుశనగ, పూతమీద ఉండగా మోటరు కాలింది. బయటికి లాగి, వైండింగ్ చేయించి దింపితే మళ్ళీ కాలింది. మళ్ళీ చేయించి దింపి, స్విచ్చు వేస్తే గుర్రుమని ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. పైపులన్నీ పీకి మోటరును గట్టు మీద పడుకోబెట్టారు. చుట్టూ అందరూ దిగాలుగా నిలబడ్డారు. నాకేం బుద్ధి పుట్టిందో, మోటరు పక్కన కూలబడి, దాని మీద చెయ్యి వేసి రాగం ఎత్తాను.

ఓ నా మోటరా, నా సామి మోటరా,
వైండింగు జేపిస్తినే, వైరు మార్పిస్తినే,
కరెంటు వచ్చె గదనే, నువ్వు రాకపోతివే,
పూతమీద సేనిడిసి యాడికి పోతివే.

మా అమ్మ ముందు ఉలిక్కిపడింది. ఆ వెంటనే నవ్వు మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గట్టు మీద కూర్చుండిపోయి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ "ఇంగా ఏడువు, ఇంగా ఏడువు" అంది. మెకానిక్ పైపు పట్టుకుని ఊగిపోయాడు. మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడి వరస, దాన్ని ఫోన్లో తీశాడు. ఆ పూట అందరం కడుపుబ్బ నవ్వాం. చేను మాత్రం ఎండిపోయింది.

తమ్ముడు ఆ వీడియో ఎక్కడ పెట్టాడో, ఎలా పాకిందో నాకు తెలీదు. కర్నూలు నుంచి ఒక స్టూడియో అతను ఫోన్ చేశాడు. రమ్మన్నాడు, వెళ్ళాం. స్టూడియో అంటే మేడమీద ఒక గది, గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించారు. బయట బెంచీ మీద మాలాంటి వాళ్ళే వరసగా కూర్చుని ఉన్నారు. రాయచోటి నుంచి వచ్చిన ఒకాయన మేకపోతు అరిచినట్టు రాగం తీస్తాడట. ఎర్రగుంట్ల నుంచి వచ్చిన ముసలామెకు ముందుపళ్ళు లేవు, ప్రతి మాటకూ ఈల వస్తుంది, ఆ ఈలతోనే ఆమె పెళ్ళిపాటలు పాడుతుందట. మేము ఒకరినొకరం చూసుకున్నాం. ఆసుపత్రిలో పక్కవాళ్ళ జబ్బేమిటో తెలిసిపోయినట్టుగా ఉంది.

"బాగా పాడేటోళ్ళు వీధికి పదిమంది ఉండారక్కా. వాళ్ళను ఎవురు ఇంటారు? నీ గొంతు ఒగసారి ఇంటే మర్సిపోరు" అన్నాడు స్టూడియో అతను. అది మెచ్చుకోలే. నాకు సంతోషంగానే అనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి. బడిలో పెదాలాడించినదాన్ని మైకు ముందు నిలబెట్టారు.

మోటరు రాగాన్నే మళ్ళీ పాడించి, దానికి డప్పులు, డీజే దరువులు చేర్చి వదిలాడు. ఇక చూడాలి. ఆ ఏడు పెళ్ళి ఊరేగింపుల్లో అదే, వినాయకుడి నిమజ్జనంలో అదే, ట్రాక్టర్లలో అదే. జనం ఎక్కువగా చూస్తున్న పాటల వరసలో సినిమా పాటల పక్కన మా మోటరు కూర్చుందని తమ్ముడు గంతులేశాడు. మా ఆయన ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలతాడు. దారి పొడవునా డాబాల్లో నా గొంతు వింటూ భోంచేసి వచ్చేవాడు. ఇంటికొచ్చి "ఒగ పూటైనా నువ్వు లేని సోట తిననీరు" అని విసుక్కునేవాడు.

విచిత్రమైన గొంతును జనం ప్రేమిస్తారు, కానీ ఒక్క పాటకే. ఒకసారి స్టూడియో అతన్ని బతిమాలి ఒక జోలపాట పాడాను. మా అమ్మ నాకు పాడినదే. నిదానంగా, బాగా పాడాననుకున్నాను. దాని కింద అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. "మోటరు ఎప్పుడు కాలతాదక్కా?" అని ఒకడు రాశాడు. తీపి గొంతువాళ్ళ పాట నచ్చకపోతే ఇంకో పాట పాడమంటారు. మాకు అది ఉండదు. మా గొంతే ఆ పాట అయిపోతుంది.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో ఆ తర్వాత తెలిసింది. మా పుట్టింటి వీధిలో ఒక పెద్దామె పోతే ఎప్పటిలాగే వెళ్ళాను. గుమ్మంలో రాగం ఎత్తాను. ఆమె కోడలు, పాపం, అప్పటిదాకా గుండెలు బాదుకుని ఏడుస్తున్న మనిషి, నా గొంతు వినగానే పెదవి కొరుక్కుంది. భుజాలు అదరడం కనిపించింది. ఏడుపు కాదని నాకూ తెలిసింది, ఆమెకూ తెలిసింది. ఆమె సిగ్గుతో లోపలికి పరుగెత్తింది. అక్కడున్న ముసలివాళ్ళు నన్ను పక్కకు పిలిచి "నువ్వు ఊరికే కూచ్చోమ్మా" అన్నారు. నేను తీసిన రాగమూ అదే, మోటరుకు తీసిందీ అదే. అందరి చెవుల్లోనూ ఇప్పుడు మోటరే ఉంది. అప్పటినుంచీ చావులకు నన్ను పిలవడం మానేశారు.

మా అమ్మకు ఈ బెంగే లేదు. తన ఫోన్లో ఆ పాట పెట్టించుకుని, వచ్చిన ప్రతివాళ్ళకూ వినిపించేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ రాగం నగుబాటు అయిపాయ కదమ్మా. రేపు నీకేదన్నా అయితే నేను ఎట్ల ఏడిసేది?"

"అప్పటికి ఇంగో పాట వస్తాదిలే. దీన్ని మర్సిపోతారు" అంది. చింతపండు గింజలు తీస్తూ, నా మొహం కూడా చూడకుండా అంది. ఆమెకు అది అంత చిన్న సంగతి.

మర్చిపోలేదు. మా అమ్మే తొందరపడింది. ఆయాసం ఎక్కువై కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చాం. ముక్కుకూ నోటికీ కలిపి ఆక్సిజన్ గొట్టం డిప్ప పెట్టారు. నేను నర్సును మందుల చీటీ అడిగానో లేదో, నర్సు పక్క నర్సును పిలిచింది. ఇద్దరూ నన్ను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. "ఒక్క లైను పాడక్కా" అంది ఒకామె. నాకు ఒళ్ళు మండింది. పక్కన మంచం మీద మా అమ్మ డిప్ప కాస్త పైకి లేపి "పాడుమే" అంది. కూతురి పేరు ఆసుపత్రిదాకా వచ్చిందని ఆమె కళ్ళల్లో గర్వం. పాడాను. వార్డంతా నవ్వింది. మా అమ్మ నవ్వబోయి దగ్గింది, దగ్గు ఆగక నర్సులు కంగారుపడి నవ్వు మానేశారు. ఆ తర్వాత మా అమ్మ నా వేళ్ళు పట్టుకుని, దగ్గు మధ్యలో "నువ్వే ఎత్తుకోవాల" అంది. మళ్ళీ అదే మాట. ఊ అన్నాను. ఎలాగో నాకు తెలీదు.

పోయింది. ఊరికి తెచ్చి అరుగు మీద గోడకు ఆనించి కూర్చోబెట్టారు. పసుపు రాశారు, నుదుట రూపాయి బిళ్ళ పెట్టారు. ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. ఎవరూ గొంతెత్తలేదు. నా కోసం చూస్తున్నారు. మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, నా భుజం మీద చెయ్యి వేసింది.

నేను ఎత్తుకున్నాను. "ఓ నా తల్లీ" అన్నానంతే. అంతకుమించి అనలేదు. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నపిల్ల ఎవరో అయ్యుంటుంది, తల్లి నోరు మూసేసింది. కానీ ఆ ఒక్క కిసుక్కు చాలు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకొకామె తల తిప్పుకుంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మా అమ్మ చేతి సద్దిసంకటి తిన్నవాళ్ళే అందరూ. నవ్వు ఆపుకోలేక వాళ్ళు పడే బాధ నాకు కనబడుతూనే ఉంది. అరుగు కింద మగపిల్లలు ఫోన్లు ఎత్తారు.

"ఒద్దులే తల్లీ. ఊరికే ఏడువు. రాగం తియ్యొద్దు" అంది చిన్నమ్మ. మెల్లిగా, నా మంచి కోసమే అంది.

చెల్లెలు భజన పాట ఒకటి ఎత్తుకుంది. చక్కగా పాడింది. అందరూ ఊపిరి పీల్చుకుని దాంతో గొంతు కలిపారు. నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది, కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని విసుగు వచ్చింది. మా అమ్మ తన కోసం అడిగింది ఒక్కటే. ఆ ఒక్కటీ నేను ఒక మోటరుకు ఇచ్చేశాను అనిపించింది.

పాడె లేచింది. మా నాయన ఎప్పుడో పోయాడు, మాకు అన్నదమ్ములు లేరు, కర్మ చేసేది చిన్నమ్మ కొడుకే. వాడు నిప్పుల కుండ పట్టుకుని ముందు నడిచాడు. మా వైపు ఆడవాళ్ళు దింపుడు కల్లెం దాకా వెళ్ళొచ్చు. అక్కడ పాడెను ఒకసారి నేల మీద దించి, ఒకవేళ ప్రాణం ఉందేమోనని చెవిలో పిలుస్తారు. పలకకపోతే ఆడవాళ్ళు ఆగిపోతారు, మగవాళ్ళు పొలానికి తీసుకుపోతారు. అంటే నాకు మిగిలింది మా వీధి, దాని తర్వాత కాస్త దారి. ఎవరో ముందర ఫోన్లో భజన పాట పెట్టి డబ్బా స్పీకరుకు తగిలించారు. మా అమ్మ, ఊరందరి చావులకూ తన గొంతు ఇచ్చిన మనిషి, డబ్బా పాట వెనక పోతోంది. అది నేను తట్టుకోలేకపోయాను.

"ఆపండప్పా దాన్ని!" అని అరిచాను. ఆపారు.

రాగం ఎత్తాను.

ఓ నాయమ్మా, నను గన్న తల్లీ,
పొద్దు పొడవకముందే సేన్లో ఉంటివే,
సందేళకు పొయ్యికాడ ఉంటివే,
కూచ్చోని కర్నూలు పోతివే, పండుకోని వస్తివే.

నవ్వు వినిపించింది. ఈసారి దాచుకోలేదు కూడా, పిల్లలు కదా. ఫోన్లు పట్టుకుని నా ముందర వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. చిన్నమ్మ నా చెయ్యి లాగింది. విదిలించుకున్నాను. రాగం తీసి ఏడ్చేటప్పుడు ఎదురుగా ఏది ఉంటే దాన్ని కూడా ఏడుపులో కలుపుకోవాలని నేర్పింది మా అమ్మే. కలుపుకున్నాను.

నగే పిల్లలొచ్చిరమ్మా, ఫోన్లు పట్టుకోనొచ్చిరమ్మా,
మోటరు పాటనుకోని నీ పాడె ముందర నిలిచిరమ్మా,
నగనీ తల్లీ, వాళ్ళను నగనీ తల్లీ,
గట్టుమీద కూచ్చోని నువ్వూ నగినదానివే.

చిన్నమ్మ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. వెనక నుంచి ఒక ముసలి గొంతు అందుకుంది. ఇంకొకటి కలిసింది. మా చెల్లెలి గొంతు కూడా వినబడింది, అదీ ఈసారి పాటలా లేదు. ముందర పిల్లలు కొందరు నవ్వు ఆపారు, కొందరు ఆపలేదు. నేను ఎవరి మొహమూ చూడలేదు. మా అమ్మ నాటిన బుడ్డలు, విరిచిన కంకులు, పోసిన కానుపులు, ఏడ్చిన చావులు, గుర్తొచ్చినవన్నీ చెప్పుకుంటూ నడిచాను. గొంతు పగిలి, సగం మాటలు గాలే వచ్చాయి.

దింపుడు కల్లెం దగ్గర పాడె దించారు. తమ్ముడు వంగి మా అమ్మ చెవిలో "పెద్దమ్మా, పెద్దమ్మా" అని పిలిచాడు. రాగం అక్కడ ఆపాలి, పలుకుతుందేమో వినాలి కాబట్టి. ఆపాను. అందరం చెవులు రిక్కించాం. మా అమ్మ పలకలేదు.

రాగం ఆగేసరికి పాట అయిపోయిందనుకున్నారు. ఎత్తిన ఫోన్లన్నీ ఒక్కటొక్కటే దిగిపోయాయి. ఆ వీడియో అంతవరకే ఉంటుంది. నాకు ఏడుపు వచ్చింది ఆ తర్వాత.